పరీక్ష పాసైన విషం... నమ్మని డాక్టరమ్మ

ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ముందుగా ఒక చిన్న పరీక్ష. దీనికి సిలబస్ లేదు. నెగెటివ్ మార్కులు మాత్రం ఉన్నాయి.

మీరో కంపెనీలో కొత్తగా చేరారనుకోండి. పై ఆఫీసరు ఒక రిపోర్టు తెచ్చి మీ టేబుల్ మీద పెట్టాడు. ఒక రసాయనం కలిసిన పొగను కోతులు, కుక్కలు, కుందేళ్లు, గినీ పందులు, పావురాల చేత రోజూ కొన్ని గంటల చొప్పున దాదాపు 8 నెలలు పీల్పించారు. వాటిలో విషం ఎక్కిన లక్షణాలేవీ కనిపించలేదు. కాబట్టి జనానికి ప్రమాదం లేనట్టే... ఇదీ రిపోర్టు సారాంశం. పైన ప్రభుత్వ సంస్థ పేరు కూడా ఉంది. మీరేం చేస్తారు? సంతకం పెట్టి పక్కన పడేస్తారా? ఇంకేమైనా అడుగుతారా?

1924లో అమెరికాలో అచ్చం ఇలాంటి రిపోర్టే బయటికొచ్చింది. హమ్మయ్య అనుకున్నవాళ్లు చాలామంది. ఆగండి, అడగాల్సింది ఇంకా ఉంది అన్న కొద్దిమందిలో ఒకరు డాక్టర్ ఆలిస్ హామిల్టన్. అప్పటికి ఆమెకు 55 ఏళ్లు. ఫ్యాక్టరీల్లో మనుషులు పీల్చే గాలి గురించి ఆ దేశంలో ఆమె కంటే బాగా తెలిసినవాళ్లు దొరకడం కష్టం.

అంత పేరు తెచ్చుకున్న మనిషి చిన్నప్పటి నుంచీ అదే గోల్ పెట్టుకుని చదివిందనుకుంటున్నారా? అదేం కాదు. ఆమె డాక్టరు పట్టా అందుకునే నాటికి, ఆమె చేయబోయే ఉద్యోగం అమెరికాలో లేనే లేదు. నోటిఫికేషన్ లేదు, కోచింగ్ లేదు, మొదట్లో జీతం కూడా లేదు. అలాంటి చోట ఆమె ఎలా నిలబడిందో చూద్దాం రండి.

వ్యాపారం పోయింది... చదువు మిగిలింది

ఆలిస్ 1869 ఫిబ్రవరి 27న న్యూయార్క్‌లో పుట్టింది. పెరిగింది మాత్రం ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్ అనే ఊళ్లో. తాతల నాటి ఆస్తి, పెద్ద ఇల్లు, నిండా పిల్లలు. స్కూలుకి పంపకుండా ఇంట్లోనే చదివించారు. భాషలు, చరిత్ర, సాహిత్యం బాగా వచ్చాయి. లెక్కలు, సైన్స్ మాత్రం అంతంతమాత్రం. అక్క ఎడిత్ తర్వాతి కాలంలో ప్రాచీన గ్రీకు నాగరికత మీద పుస్తకాలు రాసి పెద్ద పేరు తెచ్చుకుంది. ఆ ఇంటి వాతావరణం అలాంటిది.

1885లో తండ్రి కిరాణా హోల్‌సేల్ వ్యాపారం దివాలా తీసింది. ఆడపిల్లలు ఇక తమ కాళ్ల మీద తాము నిలబడక తప్పని పరిస్థితి. ఆ రోజుల్లో చదువుకున్న అమ్మాయిలకు ఉన్న దారులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. టీచరు, నర్సు, కష్టపడితే డాక్టరు. ఆలిస్ డాక్టరు చదువు ఎంచుకుంది. సైన్స్ మీద ప్రేమతో కాదు. డాక్టరైతే ఏ ఊరికైనా వెళ్లొచ్చు, ఏ మురికివాడలోనైనా పనికొస్తుంది అన్న లెక్కతో.

మీలో చాలామందికి ఈ సమస్య తెలిసిందే కదా... బేసిక్స్ వీక్. ఆలిస్‌దీ అదే. ఊళ్లో ఒక హైస్కూలు టీచరు దగ్గర కూర్చుని ఫిజిక్స్, కెమిస్ట్రీ మొదటి నుంచీ నేర్చుకుంది. చిన్న మెడికల్ కాలేజీలో చేరి అనాటమీ చదివింది. ఆ తర్వాతే మిషిగన్ యూనివర్సిటీలో సీటు. 1893లో ఎండీ పూర్తి చేసింది.

ప్రాక్టీసు పెట్టుకుని నాలుగు రాళ్లు సంపాదించుకోవచ్చు. కానీ ఆమెకు ప్రయోగశాల నచ్చింది. అక్కతో కలిసి జర్మనీ వెళ్లింది. అక్కడి యూనివర్సిటీల్లో అమ్మాయిలకు అనుమతి దొరకడమే గగనం. దొరికినచోట కూడా మగ విద్యార్థుల కంట పడకుండా ఓ మూల కూర్చోవాలి. అవమానమే. అయినా బ్యాక్టీరియాలజీ, పాథాలజీ నేర్చుకునే వెనక్కి వచ్చింది.

ఈగలు నేర్పిన పాఠం

1897లో షికాగోలోని ఒక మహిళా వైద్య కళాశాలలో పాథాలజీ చెప్పే ఉద్యోగం వచ్చింది. ఉద్యోగం కంటే ఆమెను ఎక్కువ మార్చింది ఆమె దిగిన ఇల్లు. దాని పేరు హల్ హౌస్. జేన్ ఆడమ్స్ అనే సంఘ సేవకురాలు పేదల పేట మధ్యలో నడిపిన కేంద్రం అది. ఇటలీ, పోలండ్, రష్యా... ఎక్కడెక్కడి నుంచో పొట్ట చేతపట్టుకుని వచ్చిన కూలీల కుటుంబాలు చుట్టూ ఉండేవి. చదువుకున్నవాళ్లు వాళ్ల మధ్యే ఉంటూ పని చేయాలన్నది అక్కడి పద్ధతి. పగలు కాలేజీలో పాఠం. మిగతా సమయంలో పసిపిల్లలకు క్లినిక్. ఆ ఇళ్లల్లోనే ఆలిస్ ఒక సంగతి గమనించింది. ఫలానా ఫ్యాక్టరీలో చేరిన మగవాళ్లు కొన్నాళ్లకే పాలిపోతున్నారు, కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నారు, చేతులు పడిపోతున్నాయి. డాక్టర్లు మాత్రం వేరే ఏదో జబ్బు పేరు రాస్తున్నారు.

అక్కడే ఆమె ఒక పొరపాటు కూడా చేసింది. దాన్ని దాచకుండా తన ఆత్మకథలో రాసుకుంది.

1902లో షికాగోలో టైఫాయిడ్ ప్రబలింది. హల్ హౌస్ చుట్టుపక్కలే ఎక్కువ కేసులు. ఆలిస్ ఆ పేట మరుగుదొడ్ల దగ్గర ఈగలు పట్టి పరీక్షించింది. వాటిలో టైఫాయిడ్ క్రిములు కనబడ్డాయి. ఇంకేముంది, ఈగల వల్లే జబ్బు పాకుతోందని వ్యాసం రాసింది. ఆమె పేరు మారుమోగింది. నగర ఆరోగ్య శాఖలో ప్రక్షాళన జరిగింది. కొన్నాళ్లకు అసలు విషయం తెలిసింది. నీటి సరఫరాలోకి మురుగునీరు కలిసింది, ఆ సంగతిని అధికారులు బయటికి రానివ్వలేదు. ఈగలు దోషులే కావచ్చు కానీ అసలు నేరస్థులు కాదు.

ఆమె ప్రయోగం తప్పా? కాదు. ఈగల్లో క్రిములున్న మాట నిజమే. అయితే ప్రయోగం అడిగిన ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతుంది. అడగని ప్రశ్న గురించి నోరు విప్పదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. 22 ఏళ్ల తర్వాత పెట్రోలు విషయంలో సరిగ్గా ఇదే మళ్లీ ఎదురవుతుంది.

41 ఏళ్లకు మొదలైన కెరియర్

ఆమె పని చేస్తున్న కాలేజీ 1902లో మూతపడింది. ఇంకో పరిశోధన సంస్థలో చేరింది కానీ మనసు నిలవలేదు. తన పరిశోధన వల్ల ఎవరికైనా ఉపయోగం ఉందా అన్న బెంగ. ఆ రోజుల్లో వృత్తిరోగాల గురించి ఇంగ్లండ్‌లో వచ్చిన ఒక పుస్తకం చేతికందింది. అమెరికాలో ఈ విషయం మీద ఏముందో వెతికింది. దాదాపు ఏమీ లేదు! యూరప్‌లో చట్టాలే ఉన్నాయి, ఇక్కడ లెక్కలు కూడా లేవు. మన ఫ్యాక్టరీలు అంత కంటే బాగుంటాయి, మనకు ఆ జబ్బులు రావు అని డాక్టర్లు ధీమాగా ఉన్నారు. ఆలిస్‌కు మాత్రం తన పేట మనుషుల పాలిపోయిన మొహాలు తెలుసు.

1910లో ఇల్లినాయి రాష్ట్రం ఫ్యాక్టరీ విషాల మీద సర్వే చేయించింది. అమెరికాలో ఒక రాష్ట్రం ఇలాంటిది చేయించడం అదే మొదలు. దాన్ని నడిపే బాధ్యత ఆలిస్‌కు అప్పగించారు. అప్పటికి ఆమె వయసు 41. అసలు కెరియర్ అక్కడే మొదలైంది. పాతికేళ్లకే సెటిల్ కాలేదని దిగులు పడుతున్నవాళ్లు ఈ అంకెను ఒకసారి మళ్లీ చదువుకోండి.

ఆమె తీసుకున్న విషయం సీసం. పెయింట్లు, బ్యాటరీలు, స్నానపు తొట్ల మీద తెల్లటి ఎనామెల్ పూత... అన్నింట్లో అదే. ఎలా పరిశోధించిందో చూడండి. ఫ్యాక్టరీ మేనేజరు చూపించింది చూసి ఊరుకోలేదు. ఆస్పత్రి రికార్డులు తిరగేసింది. మందుల షాపు వాళ్లను, చర్చి ఫాదర్లను, యూనియన్ నాయకులను కలిసింది. కార్మికుల ఇళ్లకు వెళ్లి వాళ్ల భార్యలతో మాట్లాడింది. ఉద్యోగం పోతుందన్న భయంతో భర్త దాచిన సంగతి వంటింట్లో భార్య చెప్పేది.

ఒకసారి సీసం విషంతో ఆస్పత్రిలో పడున్న పోలండ్ కార్మికుడు కనిపించాడు. స్నానపు తొట్లకు ఎనామెల్ పూసే పని తనది. ఆలిస్ అతని ఫ్యాక్టరీకి వెళ్లింది. అంతా శుభ్రంగా ఉంది, ఎక్కడా సీసం కనబడలేదు. వెనక్కి వచ్చి అతన్ని అడిగితే తెలిసింది... ఆమెకు చూపించింది మెరుగులు దిద్దే చోటు. ఎర్రగా కాలిన తొట్టి మీద ఎనామెల్ పొడి చల్లే చోటు వేరే ఉంది. ఆ పొడి సంపాదించి పరీక్షిస్తే అందులో కరిగే సీసం 20 శాతం దాకా తేలింది. ఇలా ఒక్కో కేసూ పట్టుకుంటూ వెళితే మొత్తం 578 సీసం విషం కేసులు లెక్కకొచ్చాయి. మరుసటి ఏడాదే రాష్ట్రంలో కార్మికుల రక్షణకు చట్టం వచ్చింది.

ఇంకో విషయం కూడా ఆమె గట్టిగా పట్టుకుంది. కార్మికులు చేతులు కడుక్కోకుండా తింటారు, అందుకే సీసం కడుపులోకి పోతోందని యజమానులు చెప్పేవాళ్లు. అంటే తప్పు కూలీదే! ఆలిస్ కళ్లకు కనిపించింది వేరు. ఎక్కడ దుమ్ము ఎక్కువో అక్కడే జబ్బు ఎక్కువ. సీసం నోటి నుంచి కంటే ముక్కు నుంచే ఎక్కువగా లోపలికి వెళ్తోంది. కాబట్టి సబ్బు ఇస్తే సరిపోదు, దుమ్మును ఆపాలి. ఆ పని యజమానిది.

జీతం లేని ఉద్యోగం

ఇల్లినాయి సర్వే చూసి కేంద్ర ప్రభుత్వ కార్మిక శాఖ నుంచి పిలుపు వచ్చింది. ఆఫరు వింటే ఆశ్చర్యపోతారు. దేశమంతా తిరిగి పరిశ్రమలు పరిశీలించాలి. జీతం లేదు. రిపోర్టు పూర్తయ్యాక ప్రభుత్వం దానికి ఒక ధర కట్టి కొనుక్కుంటుంది. పైగా ఏ ఫ్యాక్టరీలోకైనా వెళ్లే అధికారం ఉందా అంటే అదీ లేదు. గేటు దగ్గర యజమాని కాదంటే వెనక్కి రావాల్సిందే. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే ఫ్రీలాన్సింగ్. 1911లో ఆలిస్ ఒప్పుకుంది.

అధికారం లేనప్పుడు ఏం పనిచేస్తుంది? చేతిలో పక్కా ఆధారం, నోట్లో మంచి మాట. నేషనల్ లెడ్ కంపెనీలో ఎడ్వర్డ్ కార్నిష్ అనే పెద్ద అధికారి ఉండేవాడు. మీ ఫ్యాక్టరీలో మనుషులకు విషం ఎక్కుతోందని ఆలిస్ ఆయన మొహం మీదే చెప్పింది. ఆయన నమ్మలేదు. నిరూపిస్తే మీరు చెప్పినట్టు చేస్తానన్నాడు. ఆమె ఆస్పత్రుల చుట్టూ తిరిగి 22 కేసులు రుజువులతో ముందుంచింది. కార్నిష్ మాట నిలబెట్టుకున్నాడు. దుమ్ము లేవకుండా ఏర్పాట్లు చేయించాడు, కార్మికులకు డాక్టరు పరీక్షలు పెట్టించాడు. ఆ కంపెనీ మీద ఆలిస్ ఎక్కడా అరవలేదు, పేపరుకెక్కలేదు. ముందు యజమానికే చెప్పింది.

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో పేలుడు పదార్థాల ఫ్యాక్టరీలు రహస్యంగా నడిచేవి. అడ్రసులు ఎవరూ చెప్పరు. ఆలిస్ ఆకాశంలోకి చూసేది. నైట్రిక్ యాసిడ్ నుంచి లేచే పసుపు, నారింజ రంగు పొగ ఎటు కనబడితే అటు వెళ్లేది. చర్మం, జుట్టు పసుపు రంగుకు తిరిగిన కార్మికులు కనిపిస్తే వాళ్లను పలకరించి దారి కనుక్కునేది. గూగుల్ మ్యాప్స్ లేని రోజుల్లో ఫీల్డ్ వర్క్ అలా సాగింది.

మూడు షరతులతో హార్వర్డ్

1919లో హార్వర్డ్ వైద్య కళాశాల పారిశ్రామిక వైద్యంలో కొత్త విభాగం తెరిచింది. ఆ సబ్జెక్టు తెలిసిన మనిషి కావాలి. ఎటు చూసినా ఆలిస్ హామిల్టన్ తప్ప సరైన పేరు దొరకలేదు. ఇబ్బందల్లా ఒక్కటే... హార్వర్డ్‌లో అప్పటిదాకా ఒక్క మహిళ కూడా ఫ్యాకల్టీలో లేదు. చివరికి తీసుకున్నారు, మూడు షరతులతో. ఫ్యాకల్టీ క్లబ్బులో అడుగు పెట్టకూడదు. ఫుట్‌బాల్ మ్యాచ్ టికెట్లు అడగకూడదు. స్నాతకోత్సవం ఊరేగింపులో నడవకూడదు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరింది. 1935లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గానే రిటైరైంది. ప్రమోషన్ రాలేదు.

కానీ ఆ హోదాతో చేయాల్సింది చేసింది. ఏడాదిలో సగం పాఠాలు, మిగతా సగం ఫ్యాక్టరీలు. 1925లో పారిశ్రామిక విషాల మీద అమెరికాలో మొదటి పాఠ్యపుస్తకం రాసింది.

పిల్లులు చెప్పిన నిజం

ఇక్కడ జంతువుల మీద పరీక్షల సంగతి చెప్పుకోవాలి. ఆలిస్ ఆ పరీక్షలకు వ్యతిరేకి అనుకునేరు. కాదు.

1920ల్లో హార్వర్డ్ పరిశోధకులు సీసం శరీరంలో ఎలా తిరుగుతుందో తేల్చడానికి పెద్ద అధ్యయనం చేశారు. దానికి డబ్బిచ్చింది సీసం పరిశ్రమే. అయితే ఫలితం ఎలా వచ్చినా ప్రచురించే స్వేచ్ఛ పరిశోధకులదే. పిల్లుల మీద ప్రయోగాలు చేశారు. మింగిన సీసం కంటే ఊపిరితిత్తుల ద్వారా వెళ్లిన సీసం చాలా తేలిగ్గా శరీరంలో కలుస్తుందని తేలింది. ఎముకల్లో చేరి దాక్కుంటుందని, ఆ తర్వాత ఎప్పుడైనా రక్తంలోకి రావచ్చని కూడా తెలిసింది. ఫ్యాక్టరీ దుమ్ములో ఆలిస్ పదేళ్ల కిందట కళ్లతో చూసిన దానికి ప్రయోగశాల ఋజువు దొరికింది.

ఇలాంటి పరీక్షలో జంతువు ఏం చేస్తుంది? కార్మికుడు పదేళ్లలో పీల్చేదాన్ని మనం కొలవలేం. అతను ఏ రోజు ఎంత పీల్చాడో తెలియదు. గదిలో ఉన్న జంతువు విషయంలో గాలిలో ఎంత ఉంది, ఎన్ని గంటలు పీల్చింది, ఏ అవయవంలో ఎంత చేరింది అన్నీ లెక్క పెట్టొచ్చు. సరైన ప్రశ్న అడిగితే పిల్లి కూడా నిజం చెబుతుంది. ప్రశ్న సరిగ్గా అడగకపోతే?

పెట్రోలులో సీసం

1921 డిసెంబరులో జనరల్ మోటార్స్ పరిశోధకుడు థామస్ మిడ్జ్‌లీ ఒక పదార్థం కనిపెట్టాడు. పేరు టెట్రా ఇథైల్ లెడ్. పెట్రోలులో కొద్దిగా కలిపితే చాలు, ఇంజిన్‌లో టకటకమని వచ్చే చప్పుడు ఆగిపోతుంది, బండి పవర్ పెరుగుతుంది. 1923లో అమ్మకాలు మొదలయ్యాయి. సీసం అన్న మాట పక్కన పెట్టి ఇథైల్ అని పేరు పెట్టారు.

1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఆ పదార్థం తయారుచేసే కార్మికులు ఒక్కొక్కరే మతి తప్పిపోయారు. లేనివి కనిపిస్తున్నాయని కేకలు, పరుగులు. కొద్దిరోజుల్లోనే ఐదుగురు చనిపోయారు, ముప్పై మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. ఆ ఆవిరి పీల్చినా, ద్రవం చర్మానికి తగిలినా నేరుగా మెదడును దెబ్బతీస్తుంది. వేరే ప్లాంట్లలోనూ కార్మికులు చనిపోయిన సంగతి బయటికొచ్చింది.

ఆ వార్తలు ఇంకా పేపర్ల మొదటి పేజీలో ఉండగానే అమెరికా గనుల శాఖ తన రిపోర్టు విడుదల చేసింది. మొదట్లో మీ టేబుల్ మీద పెట్టింది అదే. పిట్స్‌బర్గ్‌లో ఇంజిన్ నడిపి, దాని పొగను జంతువుల గదుల్లోకి వదిలి చేసిన పరీక్ష. జంతువులు బాగానే ఉన్నాయి, వీధిలో జనానికి ప్రమాదం దాదాపు లేదు అని చెప్పేశారు.

ఇప్పుడు మీ మార్కులు వేసుకోండి. ఏం అడిగి ఉండాలి?

మొదటిది కాలం. సీసం పోగుపడే విషం. ఇవాళ కొంచెం, రేపు కొంచెం, ఎముకల్లో దాచుకుంటూ ఏళ్ల తర్వాత బయటపడుతుంది. 8 నెలల్లో లక్షణం కనబడలేదంటే 20 ఏళ్లకూ కనబడదని కాదు. రెండోది స్థలం. పరీక్ష గది వేరు, వీధి వేరు. లక్షల కార్ల పొగ నుంచి రాలిన సీసం దుమ్ము రోడ్డు మీద, గ్యారేజీ నేల మీద ఏటేటా పేరుకుంటుంది. గదిలో ఆ పేరుకోవడం ఎక్కడుంది? మూడోది పీల్చేదెవరు అన్నది. వీధిలో పసిపిల్లలున్నారు, గర్భిణులున్నారు, రోగులున్నారు. నాలుగోది, అన్నింటి కంటే ఇబ్బంది పెట్టేది... డబ్బు ఎవరిది, కలం ఎవరిది? ఈ పరీక్షకు జనరల్ మోటార్స్ డబ్బిచ్చింది. రిపోర్టు ప్రచురించే ముందు కంపెనీ ఆమోదానికి పంపాలని తర్వాతి ఒప్పందంలో రాసుకున్నారు. హార్వర్డ్‌లోనూ పరిశ్రమ డబ్బే వాడారు, గుర్తుందా? తేడా డబ్బులో లేదు. ఆఖరి మాట ఎవరిదన్న దాంట్లో ఉంది.

ఓడిపోయిన రోజు

1925 మేలో ఆలిస్ ఇద్దరు సహచరులతో కలిసి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఈ పదార్థం గురించి వ్యాసం రాసింది. మే 20న వాషింగ్టన్‌లో సర్జన్ జనరల్ సమావేశం పెట్టాడు. ఒకవైపు కంపెనీల పెద్దలు, వాళ్ల శాస్త్రవేత్తలు. దేశ ప్రగతికి ఇది తప్పనిసరి అన్నది వాళ్ల వాదన. రెండోవైపు యేల్ ప్రొఫెసర్ యాండెల్ హెండర్సన్, ఆలిస్ హామిల్టన్, ఇంకొందరు.

ఆలిస్ మాట సూటిగా ఉంది. ఫ్యాక్టరీలో సీసాన్ని కష్టపడితే అదుపు చేయొచ్చు. అక్కడ గోడలున్నాయి, ఫ్యాన్లున్నాయి, డాక్టరున్నాడు. అదే సీసాన్ని ప్రతి కారు వెనక గొట్టం నుంచి ఊరంతా చల్లితే అదుపు చేసేదెవరు? సీసం వాడిన ఏ చోటా ఎప్పటికో ఒకప్పటికి విషం బయటపడకుండా ఉండలేదన్నది ఆమె అనుభవం. వేరే పదార్థం వెతకండి అని కోరింది.

అమ్మకాలు తాత్కాలికంగా ఆపారు. నిపుణుల కమిటీ వేశారు. కమిటీ 252 మంది డ్రైవర్లు, గ్యారేజీ పనివాళ్లను పరీక్షించింది. కొన్ని నెలల్లోనే ముగించి, 1926 జనవరిలో నిషేధించడానికి తగిన కారణాలు లేవని తేల్చింది. అయితే ఎక్కువ కాలం గడిచాక ఏమవుతుందో చెప్పలేమని, పరిశోధన కొనసాగించాలని కూడా రాసింది. ఆ రెండో వాక్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత నలభై ఏళ్లు ఆ పరిశోధన ఎక్కువగా కంపెనీల చేతుల్లోనే ఉండిపోయింది. పెట్రోలు బంకుల్లో అమ్మకాలు మళ్లీ మొదలయ్యాయి.

ఆలిస్ ఓడిపోయింది. అయితే పని ఆపలేదు. బెంజీన్, పాదరసం... ఒక్కొక్క విషం వెంట పడింది. రిటైరయ్యాక 1937-38లో, దాదాపు 70 ఏళ్ల వయసులో, రేయాన్ మిల్లుల్లోకి వెళ్లింది. కృత్రిమ పట్టు తీయడానికి వాడే కార్బన్ డై సల్ఫైడ్ ఆవిరి పీల్చి కార్మికులకు నరాలు దెబ్బతినడం, మతి చలించడం బయటపెట్టింది. 1943లో ఆత్మకథ రాసింది. 1947లో లాస్కర్ అవార్డు అందుకుంది. 1970 సెప్టెంబరు 22న, 101 ఏళ్ల వయసులో కనెటికట్‌లోని తన ఇంట్లో కన్నుమూసింది. మూడు నెలల తర్వాత డిసెంబరులో అమెరికా మొత్తానికీ వర్తించే కార్మిక భద్రతా చట్టం మీద సంతకం పడింది. సిన్సినాటిలోని వృత్తి ఆరోగ్య ప్రయోగశాలకు ఇప్పుడు ఆమె పేరే ఉంది.

మరి పెట్రోలు? సీసం వల్ల పిల్లల తెలివితేటలు దెబ్బతింటాయని 1970ల్లో పరిశోధనలు తేల్చాయి. అమెరికా రోడ్ల మీది వాహనాలకు సీసం పెట్రోలు పూర్తిగా ఆగింది 1996లో. మన దేశంలో 2000లో. అంటే మీ అమ్మానాన్నలు కాలేజీకి వెళ్లిన రోజుల్లో హైదరాబాద్, విజయవాడ, విశాఖ రోడ్ల మీద తిరిగిన బండ్ల పొగలో ఆ సీసం ఉంది. ప్రపంచంలో ఆఖరుగా అల్జీరియా 2021లో ఆపేసింది. ఆలిస్ వాషింగ్టన్‌లో లేచి మాట్లాడిన 96 ఏళ్లకు!

మీకు పనికొచ్చేదేంటి?

కెమిస్ట్రీ, ఫార్మసీ, లైఫ్ సైన్సెస్, కెమికల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ఆలిస్ తవ్విన దారి ఇప్పుడు పెద్ద రోడ్డు. టాక్సికాలజీ, ఇండస్ట్రియల్ హైజీన్, భద్రతా విభాగం... ఏ మందుల కంపెనీలోనైనా ఈ పేర్లు వింటారు. లక్నోలో భారతీయ విషశాస్త్ర పరిశోధన సంస్థ, అహ్మదాబాద్‌లో జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ఈ పని మీదే ఉన్నాయి.

ఇంటర్వ్యూకి వెళ్లేముందు ఈ మాత్రం తెలుసుకోండి. పీల్చినప్పటి విషప్రభావం చూసే పరీక్షలకు ఇప్పుడు అంతర్జాతీయ పద్ధతులున్నాయి. ఎక్కువగా ఎలుకల మీద చేస్తారు. వెంటనే వచ్చే ప్రభావం చూడాలంటే మామూలుగా 4 గంటలు పీల్పిస్తారు. సగం జంతువులు చనిపోయే గాఢతను ఎల్‌సీ50 అంటారు. ఆ అంకె ఎంత తక్కువైతే పదార్థం అంత ప్రమాదం. కొంతకాలం పీల్చితే ఏమవుతుందో చూడటానికి 28 రోజులు, 90 రోజుల పరీక్షలు. ఇవి కాక ఇంకా పొడవైనవి ఉన్నాయి. ఎల్‌సీ50 బాగుందని 90 రోజుల పరీక్ష అక్కర్లేదనుకోకూడదు. ఒక్కో పరీక్షదీ ఒక్కో ప్రశ్న.

రిపోర్టు ఏదైనా చదివేటప్పుడు నాలుగు అడగండి. ఎంతకాలం చూశారు? ఏ పరిస్థితుల్లో చూశారు? ఎవరిని చూడలేదు? ఆఖరి మాట ఎవరిది? ఇవి విషాలకే కాదు, మీరు చేరబోయే కంపెనీ చూపించే ఏ రిపోర్టుకైనా సరిపోతాయి. అడిగినందుకు మీ ప్రమోషన్ ఆలస్యం కావచ్చు. ఆలిస్‌కు 16 ఏళ్ల పాటు రానే లేదు.

ఇంకొక్కటి. ఆమె ప్రయోగశాలలో ఎంతసేపు కూర్చుందో, కార్మికుడి ఇంట్లోనూ అంతసేపు కూర్చుంది. రిపోర్టులో లేనిది ఆమెకు అక్కడే తెలిసింది. మీరు మొదటి ఉద్యోగంలో చేరిన వారంలో ఏసీ గది దాటి ఒకసారి ప్లాంటులోకి వెళ్లండి. అక్కడ పనిచేసే అన్నను పలకరించండి. ఇక్కడి గాలి ఎలా ఉంటుందన్నా, రాత్రి ఇంటికెళ్లాక దగ్గొస్తుందా అని అడగండి. మీ టేబుల్ మీది రిపోర్టు మీద సంతకం ఆ తర్వాత పెట్టొచ్చు.